చెరువు కట్టకు కాపరి మరువ

చెరువుకు గండి పడినప్పుడు జనం ముందుగా కట్టను తప్పుపడతారు. మట్టి మంచిది కాదంటారు, కట్ట పలుచనైనదంటారు. ఒక్కొక్కసారి అది నిజమే. కాని పెద్దవానకు తెగిన చెరువులలో చాలావాటి కథ వేరు. అక్కడ కట్ట తెగకముందే మరువ మూసుకుపోయి ఉంటుంది. పోవలసిన దారిన పోలేని నీరు కట్ట తల మీదుగా పొర్లి ఉంటుంది. మట్టికట్ట ఎంత లావైనదైనా తలమీద నీరు పారితే నిలువదు. ఈ ఒక్క సంగతిని రైతులూ, గ్రామోద్యోగులూ గట్టిగా తెలిసికొనవలెను.

మన పెద్దల చెరువులు

ముదిగుబ్బ, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాలలో ఏడాదికి సగటున 22 అంగుళాల వాన మాత్రమే పడుతుంది. అదైనా సమంగా పడదు. నెలల తరబడి ఆకాశం ఎండిపోయి, తరువాత రెండు మూడు రాత్రులలో కుంభవృష్టి కురుస్తుంది. మద్దిలేరు, చిత్రావతి, పెన్న ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకపాయలుగానే ఉంటాయి. కనుక వచ్చిన నీటిని వచ్చినచోట ఆపుకొనుట తప్ప మనకు వేరు దారి లేదు. ఇటీవలి కాలంలో ముదిగుబ్బ మండలంలో మద్దిలేరు మీద కట్టిన యోగి వేమన జలాశయమైనా, శతాబ్దాలనాటి ఊరి చెరువైనా పుట్టినది ఈ అవసరంలోనుండే.

ఈ విద్య మన సీమకు కొత్త కాదు. 1388లో పెనుకొండకు పెన్ననీరు తెచ్చుటకు సింగయభట్టు అనే జలసూత్రజ్ఞునికి ప్రతాప బుక్కరాయలు ఆజ్ఞ ఇచ్చినట్లు, కల్లుడి నుండి సిరువేర చెరువుకు కాలువ తీయించినట్లు శాసనం ఉన్నది. అంతకు ముందు 1369లో కడప జిల్లా పోరుమామిళ్లలో మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు పెద్ద చెరువు కట్టించి శాసనం వేయించినాడు. రోజుకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు, రెండేండ్లు పని జరిగినదని ఆ శాసనం చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలను, చెడ్డ చెరువుకు ఆరు దోషాలను కూడ అందులో చెక్కించినారు. కట్టనుండి నీరు ఊరుట ఒక దోషం. చవుడు నేల ఒక దోషం. నీరు తక్కువై పారవలసిన భూమి ఎక్కువగుట ఒక దోషం. చోటు చిన్నదై నీరు మితిమీరుట మరొక దోషం. ఈ చివరి దోషమే నేటి మన వ్యాసానికి విషయం.

అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు తెగబోయినప్పుడు బసిరెడ్డి కోడలు ముసలమ్మ ఊరి కొరకు ప్రాణమర్పించినదనే కథ మీకు తెలిసినదే. ఆ కథలో ఊరు పడిన భయం ప్రతి చెరువు కింది ఊరికీ ఉన్న భయమే. ఆ భయానికి మందు వరద వచ్చిన రాత్రి దొరకదు. ఎండాకాలంలో మరువ దగ్గర దొరుకుతుంది.

కట్ట, తూము, మరువ

చెరువుకు మూడు ముఖ్యాంగాలు. కట్ట నీటిని ఆపుతుంది. తూము పైరుకు కావలసిన నీటిని కొలిచి వదలుతుంది. మరువ అధికమైన నీటిని క్షేమంగా బయటకు పంపుతుంది. దీనినే కొన్ని జిల్లాలలో అలుగు అనీ, కళింగు అనీ అంటారు.

మూడు మట్టాలను కూడ గుర్తుంచుకొనవలెను. మరువ తల ఉన్న ఎత్తు చెరువు నిండు మట్టం. వరద పారేటప్పుడు నీరు దానికంటె ఒకటి రెండు అడుగులు ఎక్కుతుంది. అది వరద మట్టం. కట్ట తల దానికంటె ఇంకను కొన్ని అడుగులు ఎత్తుగా ఉండవలెను. ఈ మిగులు ఎత్తు అలలకు, గాలికి, మన లెక్కకు అందని వానకు విడిచినది. కట్ట మీద నిలబడి చూచువారికి అది వృథాగా కనిపిస్తుంది. నిజానికి ఊరి ప్రాణం ఆ నాలుగడుగులలోనే ఉంటుంది.

రాతి మరువ మీద నీరు పారినా రాయి కరగదు. మట్టికట్ట అటువంటిది కాదు. తలమీదుగా దిగిన నీరు వెనుక వాలును కోస్తుంది. వాలు మీద చిన్న కాలువ పడుతుంది. అది లోతై కట్ట తలదాకా ఎక్కుతుంది. తల కుంగినకొద్దీ పారే నీరు పెరుగుతుంది, పారిన కొద్దీ తల ఇంకా కుంగుతుంది. ఆ తరువాత ఇసుక బస్తాలు వేసినా ఆగదు.

ఒక చిన్న లెక్క

సెకనుకు ఒక ఘనపు అడుగు నీరు పారితే దానిని ఒక క్యూసెక్కు అంటారు. ఒక ఎకరం మీద గంటకు అంగుళం వాన పడి, అంతా పారితే అది ఇంచుమించు ఒక క్యూసెక్కు. చదరపు మైలుకు 640 ఎకరాలు. అందులో సగం నీరు నేలలో ఇంకిపోయినదనుకొన్నా, ఒక చదరపు మైలు నుండి 320 క్యూసెక్కుల వరద వంకలో దిగుతుంది.

ఇప్పుడు మరువ సంగతి చూడండి. 100 అడుగుల పొడవు గల మరువ మీద నీరు

1 అడుగు ఎత్తున పారితే సుమారు 300 క్యూసెక్కులు,
2 అడుగుల ఎత్తున పారితే సుమారు 850 క్యూసెక్కులు,
3 అడుగుల ఎత్తున పారితే సుమారు 1,560 క్యూసెక్కులు పోతుంది.

ఎత్తు రెట్టింపయితే నీరు రెట్టింపు కంటె చాలా ఎక్కువగా, దాదాపు మూడు రెట్లు పోవుటను గమనించండి. దీనికి ఎదురు లెక్క కూడ అంతే నిజం. మీ చెరువులో నీరు మరువ తలకంటె రెండడుగుల వరకు ఎక్కవచ్చునని ఇంజనీర్లు నిర్ణయించినారనుకొందాం. మీరు మరువ మీద అడుగు ఎత్తున ఇసుక బస్తాలు పేర్చినారు. అదే వరద మట్టం వద్ద ఇప్పుడు బస్తాల మీద ఒక్క అడుగు మాత్రమే పారుతుంది. 850 క్యూసెక్కులు పోవలసినచోట 300 పోతున్నవి. ఒక అడుగు బస్తాలతో మరువలో మూడింట రెండు వంతులు పోయినట్లే. పోని ఆ నీరు చెరువులోనే నిలిచి, ఒక్కొక్క అంగుళమే కట్ట తలవైపు ఎక్కుతుంది.

మరువను మరచినచోట

ఈ సంగతి తెలియక చెడినవారు ఇతర దేశాలలోనూ ఉన్నారు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్ర ప్రభుత్వం పడవల కాలువకు వేసవిలో నీరందించుటకు సౌత్‌ఫోర్క్ అనేచోట ఒక మట్టి ఆనకట్ట కట్టి 1853లో పూర్తి చేసినది. రైళ్లు వచ్చి కాలువ మూలపడినది. ఆనకట్ట చేతులు మారినది. నీటిని దింపుటకు అడుగున ఉన్న ఇనుప గొట్టాలను తీసి అమ్మివేసినారు. తరువాత వినోదం కోసం దానిని కొన్న ధనికుల సంఘం బండ్లు పోవుటకు వీలుగా కట్ట తలను కొన్ని అడుగులు తగ్గించినది. పెంచుకొన్న చేపలు కొట్టుకుపోకుండ మరువకు అడ్డంగా జల్లెడలు కట్టినది. అనగా తూము లేదు, కట్ట తగ్గినది, మరువ మూసుకున్నది. 1889 మే 31న కుంభవృష్టి కురిసినది. చెట్టు కొమ్మలు, చెత్త ఆ జల్లెడలకు పట్టుకున్నవి. నీరు కట్ట మీదుగా పొర్లి ఆనకట్ట తెగినది. దిగువనున్న జాన్స్‌టౌన్ పట్టణంలో 2,209 మంది మరణించినారు.

తెలంగాణలో కడెం ఆనకట్ట కూడ 1958లో మరువ పట్టనంత వరద వచ్చి, కట్ట మీదుగా పారి గండిపడినది. తరువాత గేట్ల సంఖ్య పెంచినారు. 2022 జూలైలో మళ్లీ అటువంటి వరద వచ్చి, ఆనకట్ట త్రుటిలో తప్పించుకొన్నది.

మనకు ఇంకా దగ్గరి సంగతి చెయ్యేరుది. 2021 నవంబరులో ఎగువన పింఛ ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయినది. ఆ నీరు కూడ కలిసి, నవంబరు 19 ఉదయం రాజంపేట దగ్గరి అన్నమయ్య ప్రాజెక్టు మీదికి వచ్చినది. వచ్చిన వరద మూడు లక్షల క్యూసెక్కులు దాటినది. ఆనకట్ట గేట్లు అంత నీటిని వదలగలవి కావు. పైగా ఐదు గేట్లలో ఒకటి పనిచేయుటలేదు. మట్టికట్ట తెగి పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్ల మీద పడినది. ప్రాణాలు, ఇండ్లు, పశువులు పోయినవి. పొలాల మీద ఇసుక మేట వేసినది.

ఈ చివరి ఉదాహరణ గొలుసుకట్టు చెరువులున్న మన ఊళ్లకు ముఖ్యమైనది. పై చెరువు మరువ నీరు కింది చెరువుకు ఆధారం. పై చెరువుకు గండిపడితే, కొన్ని దినాలుగా నిలిచిన నీరంతా కొద్ది గంటలలో కింది చెరువులోకి దూకుతుంది. ఆ వరదను తట్టుకొనుటకు కింది మరువను ఎవరూ కట్టలేదు. కనుక మీ మరువను కాపాడుకొనుట మీ పొరుగూరికి కూడ మీరు చేయు మేలు.

బస్తాలు వేయు రైతుకు మనవి

మరువ మీద బస్తాలు వేయు రైతు దుర్మార్గుడు కాడు. పూడికతో చెరువు లోతు తగ్గినది. ఒక అడుగు నీరు ఎక్కువ నిలిస్తే చివరి తడికి అందుతుందని అతని ఆశ. పూర్వులకు కూడ ఈ ఆశ ఉండెడిది. అందుకే చాలా పాత మరువల మీద వరుసగా రాళ్లు నాటినారు. వానలు వెనుకపట్టిన తరువాత ఆ రాళ్ల నడుమ గడ్డిపెళ్లలు, బంకమట్టి కూరి కొంచెం నీరు అదనంగా నిలిపేవారు. వానకాలానికి ముందు దానిని తీసివేసేవారు. అకాలంలో వరద వచ్చినా ఆ అడ్డు నీటి తోపుడుకే కొట్టుకుపోయేది. సిమెంటుతో మరువను ఎత్తు చేయుట, బస్తాలను ఏడాది పొడవునా వదలివేయుట ఆ పద్ధతి కాదు.

నీరు ఎక్కువ నిలుపుకొనుటకు సరియైన మార్గం పూడిక తీయుట. చెరువు మట్టి చేలకు మంచి ఎరువు కూడ. అయితే కట్ట అడుగుకు దగ్గరగా మట్టి తవ్వకూడదు. మరువను నిజంగా ఎత్తు చేయదలచినచో దాని పొడవును, కట్ట ఎత్తును కూడ పెంచవలసి ఉంటుంది. అది ఇంజనీరు లెక్క కట్టి చేయవలసిన పని.

మరొక కొత్త సంగతి. హంద్రీ-నీవా కాలువ ద్వారా శ్రీశైలం నుండి కృష్ణా నీరు ఈ ప్రాంతపు కొన్ని చెరువులకు చేరుచున్నది. మంచిదే. కాని పూర్వం అర్ధరాత్రి వాన పడితే ఖాళీ చెరువు ముందు దానిని తాగివేసేది. కాలువతో ముందే నిండిన చెరువు తాగలేదు. మొదటి వంక నీరే నేరుగా మరువకు వస్తుంది. నిండిన చెరువుకు మరువ ఇంకను శుభ్రంగా ఉండవలెను.

చేయవలసిన పనులు

వానలకు ముందు:

1. మరువ మీద, దాని ముందు, వెనుక పెరిగిన సర్కారు తుమ్మను, కంపను వేళ్లతో తీసివేయండి. మరువ వంకను కింది వాగుదాకా నడిచి చూడండి. ఆ వంకను దున్నుకున్నచోట, మట్టితో పూడ్చినచోట నీరు వెనుకకు తన్నుతుంది.

2. మరువ పొడవును కొలిచి రాసుకోండి. తాపీ మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో మరువ తలకంటె కట్ట తల ఎంత ఎత్తున ఉన్నదో కట్ట పొడవునా చూడండి. బండ్లు ఎక్కి, పశువులు తొక్కి కుంగినచోటనే కట్ట తెగుతుంది. ఆ పల్లాన్ని మంచి మట్టితో పొరలు పొరలుగా దిమ్మిస చేసి నింపండి.

3. కట్ట మీద ఎలుక, పీత బొరియలను, చెదపుట్టలను తవ్వి, బంకమట్టితో కూరి పూడ్చండి. పెద్ద చెట్లను పెరగనీయకండి. చెట్టు చచ్చిన తరువాత దాని వేరు కుళ్లి కట్టలో నీటికి దారి అవుతుంది.

4. తూము తలుపును ఎత్తి దించి చూడండి. ఆపదలో మట్టం తగ్గించుటకు అది అక్కరకు వస్తుంది.

వానలలో:

5. మరువకు అడ్డంగా చేపల వలలు, తడికలు కట్టనీయకండి. జాన్స్‌టౌన్‌ను ముంచినవి చేపల జల్లెడలే.

6. రాత్రి కట్ట మీద కాపలా ఉంచండి. కట్ట వెనుక ఊరే నీరు తేటగా ఉంటే కనిపెట్టి ఉండండి. బురదగా వస్తే కట్టలోని మట్టి కొట్టుకువస్తున్నదని అర్థం. ఊటను బలవంతంగా మూయకండి. ఇసుక, దానిపై కంకర వేస్తే నీరు పోతుంది, మట్టి నిలుస్తుంది. వెంటనే తూములు తెరచి, జలవనరుల శాఖ ఇంజనీరుకూ, కింది ఊరికీ కబురు చేయండి.

గ్రామోద్యోగులకు

పూర్వం నీరుగంటి కట్ట మీద తిరిగేవాడు. చెరువు మరమ్మతు బాధ్యత మీద అనుభవించే దశబంధం ఇనాములు రాయలసీమలో ఉండేవి. ఆ ఏర్పాట్లు పోయినవి. 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలకు ఇప్పుడు ఆ పని సంక్రమించినది. సంఘమూ, గ్రామ రెవెన్యూ అధికారీ కలిసి ఏటా ఒకసారి మరువ వంక హద్దులు నడిచి చూచి, ఆక్రమణలను రాసి పైకి పంపవలెను. చెరువు ఎండినప్పుడు ఈ పని ఒక పూటది. వరద వచ్చినప్పుడు దానిని ఎవరూ చేయలేరు.

రైతు సోదరులారా! ఈ ఎండాకాలంలో పదిమంది కలిసి ఒక పలుగు, ఒక కొడవలి, ఒక టేపు తీసుకొని మీ మరువ దగ్గరకు వెళ్లండి. ముందు కంప కొట్టి, తరువాత పొడవు కొలవండి. ఆ లెక్కను పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. మరువ ఎత్తు పెంచుదామని ఎవరైనా అన్నప్పుడు ఊరంతా ముందు ఆ లెక్క చూచుకొని మాట్లాడవలెను.