తోటను తోటగా ఉంచితే మిగిలేదెంత?

శనివారం వస్తే కోనసీమలోని వాడపల్లి దారిలో బండి కదలదు. ఏడు శనివారాల మొక్కు పెట్టుకుని వెంకన్న గుడికి వచ్చేవాళ్లు పెరిగేకొద్దీ చుట్టుపక్కల భూముల మీద కళ్లు పడుతున్నాయి. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటూ, ఇక్కడ తాతలనాటి అరెకరం కొబ్బరితోట ఉన్న మీలాంటి వాళ్లకు ఏదో ఒకరోజు ఫోన్ వస్తుంది: “మట్టి తోలించి ప్లాట్లు వేసేద్దామండీ.” ఊఁ అనేముందు పన్ను లెక్క చూసుకోండి.

కాలిఫోర్నియాలో 1965 నుంచి విలియమ్సన్ చట్టం ఉంది. భూమిని కనీసం పదేళ్లు సాగులోనే ఉంచుతానని ఒప్పందం రాసిచ్చిన రైతుకు మార్కెట్ ధర మీద కాకుండా సాగు విలువను బట్టి ఆస్తిపన్ను వేస్తారు. మన దగ్గర అలాంటి ఒప్పందం లేదు. ఉన్న రాయితీ నాలుగు చట్టాల్లో చెదిరి ఉంది, మనమే ఏరుకోవాలి.

ఏటా కట్టేది చిన్న సంగతే. పంచాయతీ ఇంటిపన్ను ఇంటికే గాని కొబ్బరిచెట్లకు కాదు. కాలువ నీరు పారితే నీటితీరువా ఉంటుంది, అంతే. పురపాలక సంఘాల్లో ఖాళీ స్థలాలకు పన్ను ఉన్నా, పూర్తిగా సాగులో ఉన్న నేలను అందులోంచి తప్పించారు.

అసలు రాయితీ ఆదాయపు పన్నులో ఉంది. కాయల డబ్బూ, అరటి, కంద అంతరపంటల రాబడీ, కౌలు కింద వచ్చేదీ వ్యవసాయ ఆదాయమే. దాని మీద నేరుగా పన్ను లేదు. మీ జీతం మీద పన్ను రేటు తేల్చేటప్పుడు మాత్రం కలిపి చూడవచ్చు కాబట్టి రిటర్నులో చూపించండి. అదే నేలను చేపల చెరువుగా తవ్వితే ఆ రాబడి వ్యవసాయ ఆదాయం కాదు.

అమ్మకం దగ్గర తేడా ఇంకా పెద్దది. పల్లె సాగుభూమిని ఆదాయపు పన్ను చట్టం మూలధన ఆస్తిగా లెక్కించదు, కాబట్టి అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను లేదు. పల్లె అంటే ఏదో కూడా చట్టమే చెప్పింది. పదివేలు దాటి లక్ష వరకు జనాభా ఉన్న పట్టణానికి 2 కిలోమీటర్ల అవతల, పది లక్షల వరకైతే 6, ఆ పైనైతే 8 కిలోమీటర్ల అవతల ఉండాలి. రోడ్డు చుట్టు లెక్క కాదు, తిన్నగా కొలిచిన దూరం. ఈ రక్షణ లేని స్థలం మీద 40 లక్షల దీర్ఘకాల లాభం వస్తే, 12.5 శాతం చొప్పున 5 లక్షలు పన్ను, దానిపైన సెస్సు. లేఅవుట్ వేసి ముక్కలుగా అమ్మితే దాన్ని వ్యాపారంగా చూసే వీలూ ఉంది.

మార్పిడికీ ఖర్చుంది. సాగుభూమిని ఇతర అవసరాలకు మార్చడంపై 2006లో వచ్చిన నాలా చట్టాన్ని 2025లో రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేసింది గానీ, దాని బదులు భూమి విలువలో 4 శాతం బాహ్య అభివృద్ధి రుసుము పెట్టింది. రూపాయల్లోకి రాని నష్టం ఇంకొకటి: పల్లపు చేలో మట్టి పోస్తే వాన నీరు పక్కవాళ్ల చేలో నిలుస్తుంది. 2011లో క్రాప్ హాలిడే ప్రకటించిన కోనసీమ రైతుల గోడులో ముంపు కూడా ఒకటని మరిచిపోకూడదు.

రాయితీ నిలబడాలంటే మాటలు చాలవు, కాగితం కావాలి. పాసుపుస్తకం చనిపోయిన తాతగారి పేరు మీదే ఉంటే ముందు మీ పేరుకి మార్పించుకోండి. అడంగల్‌లో కొబ్బరి అని ఉందో బీడు అని ఉందో చూడండి. ఈ-పంటలో ఏటా నమోదు చేయించండి. దింపు కూలి రసీదు, కాయలు అమ్మిన చీటీ పారేయకండి. కౌలుకిస్తే, కౌలురైతుకు ఇచ్చే సాగుదారు హక్కు పత్రానికి భయపడొద్దు. 2019 చట్టం ప్రకారం దాని గడువు 11 నెలలు, భూమి మీద మీ హక్కు పోదు.

విదేశాల్లో స్థిరపడిన పిల్లలకు ఒక మాట. ప్రవాస భారతీయులు తల్లిదండ్రుల నుంచి వచ్చిన సాగుభూమిని ఉంచుకోవచ్చు, కొత్తగా కొనడానికి మాత్రం వీల్లేదు. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు గుడితోపాటు ఆత్రేయపురం తహసీల్దారు కార్యాలయానికీ వెళ్లి, మీ తోట రికార్డు సరిచేయించుకోండి.