బయటి ఫిల్టర్ వేస్తే వారంటీ మొత్తం పోతుందా?

ప్రశ్న: మాది పరవాడ. ఫార్మా సిటీలో ఉద్యోగం. ఇక్కడి దుమ్ముకు కారు ఎయిర్ ఫిల్టర్ ఊరికే మూసుకుపోతోందని, కడిగి మళ్లీ వాడుకునే, నూనె పట్టించే రకం ఎయిర్ ఫిల్టర్ బయటి షాపులో వేయించాను. అప్పటి నుంచి ఐడ్లింగ్ నిలకడగా లేదు, పికప్ పడిపోయింది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది. షోరూంలో ‘బయటి పార్టు వేశారు, ఇక వారంటీ లేదు’ అన్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: ఆ ఒక్క మాట విని వెనక్కి రాకండి. లోపం ఫిల్టర్ వల్లే వచ్చిందని తేలితే ఆ మరమ్మతు వరకు కాదనవచ్చు. రేపు స్టీరింగ్ చెడిపోయినా ఫిల్టర్ పేరే చెబుతామంటే కుదరదు. కాంపిటిషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన ఉత్తర్వులో ఇదే చెప్పింది: బయట పని చేయించుకున్నారని వారంటీ మొత్తం రద్దు చేయకూడదు, ఆ పని వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించాలి. కంపెనీలు దానిపై అప్పీళ్లకు వెళ్లాయి కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకుండా మీ వారంటీ పుస్తకంలోని షరతులూ చదవండి.

అయితే తప్పు ఫిల్టర్‌దే కావచ్చు కూడా. చాలా కార్లలో ఫిల్టర్ దాటగానే లోపలికి వెళ్లే గాలిని కొలిచే సెన్సార్ ఉంటుంది. దానిలోని సన్నటి తీగకు ఫిల్టర్ నూనె అంటుకుంటే లెక్క తప్పుతుంది, ఇంధనం పాళ్లు చెడతాయి. మీరు చెప్పిన లక్షణాలన్నీ అందుకు సరిపోతాయి. సెన్సార్ శుభ్రం చేసి పాత రకం ఫిల్టర్ పెడితే చాలాసార్లు అక్కడితో సరి. ఫిల్టర్ రబ్బరు అంచు డబ్బాలో సరిగ్గా కూర్చోకపోవడం అంతకన్నా ప్రమాదం. సింహాద్రి థర్మల్ ప్లాంటు బూడిద లారీలు తిరిగే దారుల్లో ఆ సందులోంచి దూరిన దుమ్ము సిలిండర్ గోడలను గీకేస్తుంది. తేలేదాకా బండిని ఎక్కువ తిప్పకండి.

ఫిల్టర్ విప్పే ముందే, అది కూర్చున్న తీరు ఫొటో తీయండి. తేదీతో స్కానింగ్ రిపోర్టు తీసుకోండి. ‘వారంటీ ఇవ్వం’ అనే మాటను కారణంతో సహా జాబ్ కార్డు మీద రాయించుకోండి. రాయకపోతే మీరే ఈమెయిల్ పెట్టి జవాబు అడగండి. తీసిన ఫిల్టర్‌ను కడగకుండా కవర్లో దాచండి. అవసరమైతే వినియోగదారుల కమిషన్ దాన్ని పరీక్షకు పంపిస్తుంది, కడిగేస్తే సాక్ష్యం పోయినట్టే.

ఫిల్టర్ అమ్మిన షాపును వదలొద్దు. వస్తువు లోపం వల్ల కొనుగోలుదారు మరో ఆస్తి దెబ్బతింటే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం పరిహారం అడగవచ్చు. ఇక్కడ ఆ ఆస్తి మీ ఇంజిన్. బిగించడంలో తప్పు జరిగితే అది సేవాలోపం. అమ్మిన వస్తువుకు బిల్లు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే, బిల్లు లేకపోతే ఫోన్‌పే రసీదైనా ఉంచుకోండి. కానీ మీరే కడిగి, నూనె మీరే పట్టించి ఉంటే షాపువాడు దాన్నే అడ్డం పెట్టుకుంటాడు. ఆ విషయం ఫిర్యాదులో దాచకండి.

ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు వేయండి. మీరు ఉంటున్న చోటి కమిషన్‌లోనే వేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు. గడువు రెండేళ్లు. షోరూం ‘చూద్దాం, వచ్చే వారం రండి’ అని తిప్పుతున్నంత మాత్రాన ఆ గడువు ఆగదు.