ఈసీఈ చదివేవాళ్లకు ఓ ఇరుకు దారి: రేడియో ఫిల్టర్ల పని

మండపేట రైస్ మిల్లులో బియ్యాన్నీ నూకల్నీ విడదీసేది జల్లెడ. రేడియో పరికరంలో ఆ పని ఫిల్టరుది. యాంటెన్నా మీద ఎఫ్ఎం స్టేషన్లు, సెల్ టవర్లు, పోలీసు వైర్‌లెస్, విమానాల మాటలు అన్నీ కలగలిసి పడతాయి. కావలసిన ఒక్కదాన్నే లోపలికి వదిలి, మిగతావాటిని గుమ్మంలోనే ఆపాలి. మిల్లులో రకం మారితే మర ఆపి జల్లెడ మారుస్తారు. సెకనుకు ఎన్నోసార్లు ఫ్రీక్వెన్సీ మార్చే సైనిక రేడియోకి అంత వ్యవధి ఉండదు. ఓల్టేజీ మార్చగానే తానూ మారిపోయే ఫిల్టరు దానికి కావాలి. ఈసీఈలో చేరి, మూడో ఏడాదికల్లా కోడింగ్ కోచింగ్‌కి మళ్లిపోతున్న మన పిల్లల్లో కొందరైనా ఈ పని నేర్చుకోవాలని నా వాదన.

ఇలా మారే ఫిల్టర్లలో కోయాక్సియల్ రకం చూడండి. ఒక లోహపు గొట్టం, దాని నడుమ ఒక కడ్డీ, ఒక కొస మూసి ఉంటుంది. గాలి నిండిన గొట్టంలో 1 గిగాహెర్ట్జ్‌కి ఆ కడ్డీ పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు, అంటే 7.5 సెంటీమీటర్లు. డైఎలక్ట్రిక్ విలువ 36 ఉన్న సిరామిక్ నింపితే అదే పని 1.25 సెంటీమీటర్లలో అయిపోతుంది. ఆ ఫ్రీక్వెన్సీలో కరెంటు వెండిలోకి రెండు మైక్రాన్ల లోతుకి మించి పెద్దగా దిగదు. అందుకే లోపలి గోడకి వెండి పూత పూస్తారు, పూత నునుపు చెడితే సిగ్నల్ నష్టపోతుంది. కడ్డీ తెరిచి ఉన్న కొసన వరాక్టర్ డయోడ్ పెట్టి రివర్స్ ఓల్టేజీ పెంచితే కెపాసిటెన్స్ తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ పైకి జరుగుతుంది. చిక్కల్లా ఇక్కడే. డయోడ్‌కున్న నిరోధం గొట్టం నాణ్యతను తినేస్తుంది. బలమైన సిగ్నల్ వస్తే డయోడ్ తానే ఊగిపోయి లేని సిగ్నళ్లను పుట్టిస్తుంది. దానికి బదులు పిన్ డయోడ్లతో కెపాసిటర్లను మార్చవచ్చు, మెమ్స్ స్విచ్‌లు వాడవచ్చు, కానీ దేని లోటు దానికి ఉంది. ఏ ఇబ్బందిని ఎంతవరకు భరించాలో తేల్చగలిగే ఇంజినీరు విలువ అక్కడే తెలుస్తుంది.

ఇదంతా ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేస్తోంది కదా అని అడుగుతారు. సగం నిజం. సిగ్నల్ అంకెలుగా మారాక ఎంత సన్నగానైనా జల్లించవచ్చు. కానీ పక్కనే ఉన్న శక్తిమంతమైన ట్రాన్స్‌మిటర్ ముందున్న ఆంప్లిఫయర్‌నీ, అంకెలుగా మార్చే చిప్‌నీ ముంచేస్తే, మనకు కావలసిన బలహీనమైన మాట అసలు అంకెలదాకా చేరదు. సాఫ్ట్‌వేర్ రేడియోలు పెరిగినా ముందుండే ఫిల్టరు అవసరం పోదు. అన్ని బ్యాండ్లకూ ఒకే పెట్టె కావాలన్నప్పుడు ఇంకా పెరుగుతుంది.

ఉద్యోగాలు తక్కువన్న మాట మాత్రం ఒప్పుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లా వేలకు వేలు ఉండవు, మొదటి జీతం కూడా ఊరించదు. కాకపోతే ఉన్న చోట్లు మనకు దగ్గరే. 1961 నుంచి హైదరాబాద్‌లో రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధన సంస్థ డీఎల్ఆర్ఎల్ ఉంది, 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చింది, 1991లో ఆస్ట్రా మైక్రోవేవ్ కంపెనీ మొదలైంది. విశాఖలో మైక్రోవేవ్ పరిశోధన సంస్థ సమీర్ కేంద్రం, శ్రీహరికోటలో ఇస్రో, గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ వాతావరణ రాడార్ ఉన్నాయి. పనిచేసేవాళ్లు కొద్దిమందైనప్పుడు అనుభవానికి ధర ఎక్కువ, పదేళ్ల అనుభవం పాతబడదు. మాక్స్‌వెల్ సమీకరణాలకు కొత్త వెర్షన్లు రావు. బీటెక్ ఒక్కటే చాలదన్నది ఇంకో అభ్యంతరం. డిజైన్ వైపు వెళ్లాలంటే ఎంటెక్ మేలే, అందుకు గేట్‌లో ఎలక్ట్రోమాగ్నెటిక్స్‌ని వదిలేయకుండా చదవాలి. అయితే ఈ రంగానికి గొట్టాన్ని మైక్రాన్ల లెక్కన చెక్కే ఐటీఐ మెషినిస్టు, పరీక్ష బల్ల దగ్గర కూర్చునే డిప్లొమా టెక్నీషియన్ కూడా అంతే అవసరం.

కాలేజీ ల్యాబ్‌లో పరికరాలు లేవన్నది ఇప్పుడు చెల్లే సాకు కాదు. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ వెళ్తుందో, ఎంత తిరిగొస్తుందో కొలిచి తెరమీద గీసే, అరచేతిలో పట్టే నానోవీఎన్ఏ కొన్ని వేల రూపాయల్లో దొరుకుతుంది. ఏసీ మెకానిక్ దగ్గర పాతిక సెంటీమీటర్ల రాగి గొట్టం, లోపలికో సన్న కడ్డీ, ఒక వరాక్టర్ డయోడ్ తెచ్చుకోండి. డయోడ్ ఓల్టేజీ తిప్పుతుంటే, గొట్టం ఫ్రీక్వెన్సీ దగ్గర తెరమీద గీతలో పడిన లోయ పక్కకు జరగడం కనిపిస్తుంది. ఓల్టుకి ఎన్ని మెగాహెర్ట్జ్ జరిగిందో, జరిగేకొద్దీ ఆ లోయ ఎంత వెడల్పయిందో గ్రాఫు గీయండి. ఇంటర్వ్యూలో బల్లమీద పరిచి మాట్లాడడానికి ఆ ఒక్క కాగితం ఉంటుంది.