నరం దారి తప్పితే

కన్ను పైకి చూస్తుంది. కిందికి చూస్తుంది. ముక్కు వైపు తిరుగుతుంది. చెవి వైపు తిరుగుతుంది. ఒక్కో కంటికి 6 కండరాలు ఉన్నాయి. అవి లాగితేనే కన్ను కదులుతుంది. వాటికి "లాగు" అని చెప్పేవి నరాలు. ఈ నరాలు మెదడు నుంచి వస్తాయి.

ఒక్కో కంటిని కదిలించే నరాలు 3. వాటిలో ఒకదాన్ని డాక్టర్లు మూడో నరం అంటారు. 6 కండరాల్లో నాలుగింటిని ఇదే నడుపుతుంది. పై రెప్పను ఎత్తేదీ ఇదే. వెలుతురుకు కంటిపాపను చిన్నది చేసేదీ ఇదే. ఒక్క నరానికి ఎంత చాకిరీయో చూశారా! ఇంట్లో ఆడమనిషికి ఉన్నట్టే.

మోటారు సైకిల్ చక్రంలో చీర కొంగు చుట్టుకుంటుంది. వెనక కూర్చున్న ఆమె పడిపోతుంది. తలకు గట్టి దెబ్బ తగులుతుంది. అలాంటప్పుడు ఈ నరం నలగవచ్చు. తెగిపోనూ వచ్చు. అప్పుడు రెప్ప వాలిపోతుంది. రెప్ప ఎత్తి చూస్తే గుడ్డు చెవి వైపుకు, కొంచెం కిందికి తిరిగి ఉంటుంది. కంటిపాప పెద్దదవుతుంది. ఎదుట ఒక్క మనిషి ఉంటే ఇద్దరు కనబడతారు.

తలకు దెబ్బ తగిలాక ఈ గుర్తులు కనబడితే ఆలస్యం చేయకూడదు. తలలో రక్తం చేరి నరాన్ని నొక్కుతుండవచ్చు. మత్తుగా ఉన్నా, వాంతులు అవుతున్నా మరీ ప్రమాదం. 108కి ఫోన్ చేయాలి. పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

ప్రాణం దక్కింది. ఇంటికి వచ్చింది. దెబ్బతిన్న నరం మెల్లగా మళ్ళీ పెరుగుతుంది. రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. అంటే నెలకు ఒక అంగుళం, ఇంకాస్త.

అయితే నరం అంటే ఒకే పోగు కాదు. తాడులో పోగులు ఉన్నట్టు నరంలో వేల పోగులు ఉంటాయి. గాలివానకు ఇంటి కరెంటు తీగలు తెగాయనుకోండి. వాటిని తారుమారుగా కలిపారు. ఫ్యాను స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది! కరెంటు ఉంది. తీగ ఉంది. దారే తప్పింది. కంట్లోనూ అంతే. కన్నును కిందికి లాగే కండరానికి పోవలసిన పోగులు పోయి పోయి రెప్పకు చేరతాయి. దెబ్బ తగిలిన రెండు మూడు నెలలకు ఇది బయటపడుతుంది.

కోడలు చేటలో బియ్యం ఏరుతోంది. తల వంచకుండా కళ్ళు కిందికి దించింది. ఒక రెప్ప దిగింది. రెండో రెప్ప పైకి లేచింది! తెల్లగుడ్డు కనబడింది. పక్కింటామె "గాలి సోకింది" అంటుంది. ఆడబిడ్డ "పొగరు, ఎలా ఉరిమి చూస్తోందో!" అంటుంది. దెబ్బ నొప్పి ఏనాడో తగ్గింది. ఈ మాటల నొప్పి తగ్గదు.

అత్త ఆమెను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

"ఇది కావాలని చేస్తోందా, బాబూ?"

"లేదమ్మా. కిందికి చూడమని కన్నుకే చెప్పింది. ఆ మాట రెప్పకు పోయింది. ఆమె చేతిలో ఏమీ లేదు."

తాయెత్తుకు ఇది తగ్గదు. కంట్లో ఆకు పసరు పోస్తే ఉన్న చూపు పోవచ్చు. నరం దారిని మార్చే మందు బిళ్ళ కూడా లేదు. కానీ చేయగలిగింది ఉంది. ఇద్దరు కనబడుతుంటే ఒక కన్నుకు మూత పెడతారు. లేదా ప్రత్యేకమైన అద్దాలు ఇస్తారు. మార్పు ఆగే దాకా, సుమారు 6 నెలలు చూస్తారు. తర్వాత అవసరమైతే కండరానికో రెప్పకో ఆపరేషన్ చేస్తారు. కన్ను అచ్చం మునుపటిలా కాకపోవచ్చు. ఎదురుగా చూసినప్పుడు సరిగా కనబడితే చాలా పనులు సాగుతాయి.

షుగర్ ఉన్నవాళ్ళకూ ఈ నరం చచ్చుబడవచ్చు. అది చాలావరకు మూడు నెలల్లో కోలుకుంటుంది. మామూలుగా దారి తప్పదు. అలాగని ఇంట్లోనే ఉండిపోకూడదు. రెప్ప ఉన్నట్టుండి వాలి, భరించలేని తలనొప్పి వస్తే తలలో రక్తనాళం ఉబ్బి ఉండవచ్చు. అదే రోజు ఆసుపత్రికి పోవాలి. ఏ దెబ్బా తగలకుండానే కిందికి చూసినప్పుడు రెప్ప లేస్తుంటే, లోపల గడ్డ ఏదైనా నరాన్ని నొక్కుతోందేమో స్కానింగ్ తీసి చూస్తారు.

అందుకే డాక్టరు మొదట "దెబ్బ ఎప్పుడు తగిలింది?" అని అడుగుతారు. తేదీ కాగితం మీద రాసుకుని పోవాలి. రెప్ప ఎప్పుడు వాలిందో, ఎప్పుడు లేవడం మొదలైందో అదీ రాయాలి. దెబ్బకు ముందు తీసిన ఫొటో ఉంటే వెంట తీసుకుపోవాలి.