చొక్కా వెనుక ఉన్న చేతులు

పిల్లలూ! మీ అన్నయ్యో అక్కయ్యో కాలేజీలో చేరినప్పుడు, ఆ కాలేజీ పేరు అచ్చువేసిన చొక్కాను మీకు తెచ్చి ఇచ్చి ఉంటారు. మీరు దానిని సంతోషంగా తొడుక్కొని ఉంటారు. ఆ చొక్కాను ఎవరు కుట్టారో ఎప్పుడైనా ఆలోచించారా? కుట్టినవారికి ఎంత జీతం ముట్టిందో ఎవరినైనా అడిగారా? అలా అడిగిన కొందరు అమెరికా విద్యార్థుల సంగతి ఈ పాఠంలో తెలుసుకొందాం.

కరీబియన్ సముద్రంలో డొమినికన్ రిపబ్లిక్ అనే దేశం ఉన్నది. ఆ దేశంలో విల్లా అల్తగ్రాసియా ఒక చిన్న పట్టణం. అక్కడ ఒక పెద్ద కర్మాగారంలో అమెరికా విశ్వవిద్యాలయాల పేర్లు గల టోపీలు కుట్టేవారు. కార్మికులు తమ హక్కుల కోసం సంఘం పెట్టుకొన్నారు. అమెరికాలోని విద్యార్థులు వారికి అండగా నిలిచారు. 2003లో సంఘానికి గుర్తింపు లభించింది. కాని 2007లో ఆ కర్మాగారం మూతపడింది. ఊరిలో ఎందరికో పని పోయింది.

విద్యార్థులు అంతటితో ఊరుకోలేదు. కార్మికులకు న్యాయమైన జీతం ఇచ్చి కూడా వ్యాపారం నడపవచ్చునని ఎవరైనా చేసి చూపాలని వారు కోరారు. అమెరికాలోని దక్షిణ కరొలినా రాష్ట్రానికి చెందిన నైట్స్ అపారెల్ అనే బట్టల కంపెనీ అందుకు ముందుకు వచ్చింది. 2010లో అదే ఊరిలో ఒక చిన్న కర్మాగారం తెరిచింది. దాని పేరు అల్త గ్రాసియా. అందులో మొదట సుమారు 120 మంది పనిచేశారు. పాత కర్మాగారంలో పని పోయినవారిలో కొందరికి మళ్ళీ పని దొరికింది.

ఈ కర్మాగారంలో అప్పట్లో జీతం నెలకు సుమారు 500 డాలర్లు ఉండేది. ఆనాడు అక్కడి చట్టం ప్రకారం ఇవ్వవలసిన కనీస వేతనానికి ఇది మూడు రెట్లకు పైమాటే. ఒక కుటుంబానికి తిండి, ఇల్లు, మందులు, పిల్లల చదువు వీటన్నిటికీ ఎంత కావాలో లెక్కకట్టి ఆ జీతం నిర్ణయించారు.

ఇప్పుడు మనం ఒక చిన్న లెక్క చేద్దాం. అక్కడ ఒక చొక్కా తయారు కావడానికి 4 డాలర్ల 80 సెంట్లు అయ్యేది. కనీస వేతనమే ఇచ్చి ఉంటే 4 డాలర్లతో సరిపోయేది. అంటే ఎక్కువ జీతం వలన చొక్కాకు పెరిగిన ఖర్చు 80 సెంట్లు మాత్రమే. అప్పట్లో కాలేజీ కొట్టులో ఆ చొక్కా ధర సుమారు 18 డాలర్లు ఉండేది. మరి ఆ 80 సెంట్లు ఎవరు భరించాలి? కంపెనీ తన లాభం తగ్గించుకొని తానే భరిస్తానన్నది. కొట్లవారిని ఎక్కువ ధర అడగలేదు.

అయితే మంచి మనసు ఒక్కటే ఉంటే వ్యాపారం సాగదు. చొక్కాలు అమ్ముడుపోకపోతే కర్మాగారం మళ్ళీ మూతపడుతుంది. కార్మికులు మళ్ళీ వీధిన పడతారు. ఈ సంగతి విద్యార్థులకు బాగా తెలుసు. అందుకే వారు ఆరంభశూరులు కాలేదు. కాలేజీ కొట్లకు వెళ్ళి, ఈ చొక్కాలు తెప్పించండని అడిగారు. కార్మికులను తమ కాలేజీలకు పిలిపించి, వారి మాటలు తోటివారికి వినిపించారు. ఒక్క డ్యూక్ విశ్వవిద్యాలయమే మొదట 2,50,000 డాలర్ల సరుకుకు ఆర్డరు ఇచ్చింది.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఉన్నది. “మేము న్యాయంగా నడుస్తున్నాము” అని ఏ కంపెనీ అయినా చెప్పుకొనవచ్చు. అది నిజమో కాదో చూసేవారు వేరే ఉండాలి. ఇక్కడ ఆ పని కార్మిక హక్కుల కన్సార్టియం అనే సంస్థ చేసింది. 2000లో ఏర్పడిన ఈ సంస్థ తనిఖీదార్లు కర్మాగారానికి వెళ్ళి, జీతాల లెక్కలు చూసి, కార్మికులతో మాట్లాడి నివేదికలు వ్రాశారు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయపు ఆచార్యులు కూడా ఈ ప్రయోగాన్ని పరిశీలించి, తమ నివేదికను 2014లో ప్రచురించారు. నమ్మకం మంచిదే; లెక్క చూసిన తరువాత కలిగే నమ్మకం ఇంకా మంచిది.

పిల్లలూ! ఇందులో కంపెనీ లాభం కొంత వదులుకొన్నది. కార్మికులు నాణ్యంగా కుట్టారు. విద్యార్థులు అడిగారు, కొన్నారు, కొనిపించారు. ఈ మూడింటిలో ఏది లోపించినా పని సాగేది కాదు. రేపు మీలో కొందరు వ్యాపార శాస్త్రం చదువుతారు. కొందరు కొట్లు, కంపెనీలు పెడతారు. మిగిలినవారు కొనేవారు అవుతారు. ఎవరైనా సరే, వస్తువు ధర అడిగేటప్పుడు, దానిని చేసిన చేతులకు ఏమి ముట్టిందో కూడా అడగండి.

ప్రశ్నలు

1. 2007లో విల్లా అల్తగ్రాసియాలో ఏమి జరిగింది?
2. చొక్కాకు పెరిగిన 80 సెంట్ల ఖర్చును ఎవరు భరించారు? ఎలా?
3. విద్యార్థులు చొక్కాలు కొనకపోతే ఏమి జరిగి ఉండేది?
4. తనిఖీ ఎందుకు అవసరం? మీ మాటల్లో వ్రాయండి.
5. మీ ఇంట్లో ఒక చొక్కా చీటీ చూసి, అది ఏ దేశంలో తయారయిందో తరగతిలో చెప్పండి.

పదాలు – అర్థాలు

కర్మాగారం = వస్తువులు తయారుచేసే చోటు
వేతనం = జీతం
ఆరంభశూరుడు = పని ఉత్సాహంగా మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవాడు
తనిఖీ = సరిగా ఉన్నదో లేదో పరీక్షించడం