సగటు చెప్పని సంగతి

ఒకే కంప్యూటరును అనేక యంత్రాలుగా భ్రమింపజేసే విద్య కొత్తది కాదు, ఐ.బి.ఎం. సంస్థ 1972లోనే వి.ఎం./370 పేరిట దానిని ప్రకటించింది. నేటి వర్చువల్ సర్వర్లు ఆ కోవకు చెందినవే. ఒకే ప్రాసెసరును, ఒకే మెమరీని పంచుకొనే ఉమ్మడి కుటుంబం అది.

ఈ కుటుంబం పడే శ్రమను కొలిచేటప్పుడు రోజంతటి సగటు మోసం చేస్తుంది. పనివేళలైన 8 గంటలూ ప్రాసెసరు 90 శాతం, మిగిలిన 16 గంటలూ 6 శాతం పని చేసిందనుకుందాం. సగటు 34 శాతమే! ఇంకా చోటున్నదని మరో రెండు సర్వర్లను చేర్చితే, మరునాడు ఉదయం పది గంటలకు ఉద్యోగులు తెరల వైపు చూస్తూ కూర్చోవలసిందే. కనుక పనివేళల లెక్కను విడిగా, నిమిషానికొకసారి తీయాలి. గంట సగటులో సైతం ఐదు నిమిషాల ఉప్పెన కనబడకుండా పోతుంది. రాత్రివేళ జరిగే బ్యాకప్‌ల లెక్క వేరు.

వర్చువల్ సర్వరు తనను గూర్చి తాను చెప్పుకొనే అంకెలు కూడా చాలవు. ప్రాసెసరు కోసం అది ఎంతసేపు వేచి ఉన్నదో అసలు యంత్రం వద్దనే విచారించాలి.

మెమరీ సంగతి మరొక తీరు. లైనక్స్‌లో ఖాళీ తక్కువగా కనబడగానే కంగారు పడనక్కరలేదు. ఊరక ఉన్న మెమరీలో అది ఫైళ్ళను దాచుకొని, అవసరమైనప్పుడు ఆ చోటును విడిచిపెడుతుంది. పనివేళల్లో మెమరీకీ డిస్కుకూ మధ్య పేజీల రాకపోకలు ఎడతెగక సాగితే మాత్రం, మెమరీ నిజంగా చాలడం లేదన్నమాట.