ఆయిల్ నల్లబడితే ఫ్లష్ పోయాలా?

ఆయిల్ నల్లబడగానే ఇంజిన్‌లో మడ్డి పేరుకుందని ఫ్లష్ పోయించేవాళ్లున్నారు. నిజానికి ఇంజిన్ ఆయిల్‌లోనే డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు కలిపి వస్తాయి. డిటర్జెంట్లు వేడి భాగాలకు మడ్డి అంటనివ్వవు. డిస్పర్సెంట్లు మసిని ముద్దకట్టనివ్వకుండా ఆయిల్‌లోనే పట్టి ఉంచుతాయి. ఆయిల్ మార్చినప్పుడు అదంతా బయటికి పోతుంది. మన సీఎస్‌ఈ భాషలో గార్బేజ్ కలెక్టర్ అన్నమాట!

మైదుకూరులో మా నాయన తన మారుతి 800కి టైముకి ఆయిల్, ఫిల్టర్ మారుస్తాడు. అలాంటి పాత బండికి ఫ్లష్‌తో పెద్ద లాభముండదు. మడ్డి బాగా ఉన్న బండికైతే ప్రమాదమే: ఒక్కసారిగా ఊడిన పెళ్లలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డంపడొచ్చు. ఆయిల్ అందకపోతే బేరింగులు పోతాయి.

ముందు ఆయిల్ పోసే మూత తీసి, టార్చి వేసి చూడండి. పల్చటి గోధుమరంగు పొరే ఉంటే వదిలేయండి. నల్లటి జిగురు ముద్దలుంటే, కొన్నాళ్లు ఆయిల్, ఫిల్టర్ తొందర తొందరగా మారుస్తూ మెల్లగా శుభ్రం కానివ్వండి. ఫ్లష్ డబ్బుతో ఎయిర్ ఫిల్టర్ కొనండి. మా సీమ దుమ్ము నుంచి ఇంజిన్‌ను కాపాడేది అదే.